పదిహేడో కొలోసస్ మా జ్యోతినగర్‌లో ఉంది

పెద్దపల్లి దాటిందంటే చాలు, ఫోన్ జేబులో పెట్టేస్తాను. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కుడివైపు కిటికీ దొరికితే సరే. లేదంటే డోర్ దగ్గరికెళ్లి నిలబడతాను. బయట చీకటి. పొలాలు, అక్కడక్కడా వీధిదీపాలు, పల్చటి మంచు. అంతలో దూరంగా ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది, ఆరుతుంది. దాని పక్కనే ఇంకోటి. ఎన్టీపీసీ చిమ్నీల మీద విమానాల కోసం పెట్టిన లైట్లవి. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ అవి కళ్లు. ఎవరో చాలా ఎత్తయినవాడు నిలబడి, వీడు వచ్చాడా లేదా అని చూస్తున్నట్టు ఉంటుంది.

సంక్రాంతికి కరీంనగర్‌లో అమ్మానాన్నల దగ్గర ఉండి హైదరాబాద్ వచ్చి పది రోజులు కూడా కాలేదు. మళ్లీ రైలెక్కాను. బ్యాగులో అమ్మ ఇచ్చిన సకినాల డబ్బా, రెండు జతల బట్టలు, వాటి మధ్య దుప్పటిలో చుట్టిన పాత పీఎస్4. జనవరి చలిలో రామగుండం వెళ్లేవాడు గేమింగ్ కన్సోల్ ఎందుకు మోసుకెళ్తాడంటారా? దానికి కారణం ఒక వాట్సాప్ మెసేజ్.

2024 డిసెంబరు 13, పొద్దున. అమెరికాలో గేమ్ అవార్డ్స్ వేడుక నడుస్తోంది. వాళ్లకింకా 12 రాత్రే. నేను బ్రష్ చేస్తూ లైవ్ చూస్తున్నాను. ఒక చిన్న టీజర్ వచ్చింది. అందులో ఓ చిన్న మనిషి, ఓ మహా రోబో. ఆ మనిషి దాని ఒంటి మీదుగా ఎక్కుతూ పోతున్నాడు. వెనక నుంచి ఏదో ముంచుకొస్తోంది. చివర్లో రోబో తల విడిపోయి, వాహనంలా అతణ్ని మోసుకుని ఎగిరిపోయింది. కింద 'ప్రాజెక్ట్ రోబో' అని తాత్కాలికంగా పెట్టిన పేరు. తేదీ లేదు, ఏడాది కూడా లేదు.

పదింటికి ఫోన్ మోగింది. పుట్టినరోజు మెసేజ్ తప్ప రెండేళ్లుగా మాట్లాడని మా దోస్తు పంపాడు. అదే టీజర్ లింకు, కింద ఒక లైను.

"సూసినవా? మన చిమ్నీ లెక్కనే ఉన్నది."

వాడి పేరు ఇక్కడ రాయను. "రాయకురా, డ్యూటీల నవ్వుతరు" అన్నాడు. కాబట్టి మావోడు అనే అంటాను.

ఎవరీ ఉయెడా?

గేమ్‌లు ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫుమితో ఉయెడా జపాన్ గేమ్ డిజైనర్. 1970లో పుట్టాడు. ఒసాకాలో ఆర్ట్ చదువుకుని గేమ్‌ల వైపు వచ్చాడు. 2001లో 'ఇకో', 2005లో 'షాడో ఆఫ్ ది కొలోసస్', 2016లో 'ది లాస్ట్ గార్డియన్' తీశాడు. ఇన్నేళ్లలో ఆయన తీసినవి ఈ మూడే. మన దగ్గర ఏడాదికో సినిమా చేయకపోతే హీరోని మర్చిపోతారంటారు. ఈయన్ని మాత్రం ప్రపంచంలో ఎవరూ మర్చిపోలేదు.

ఆయన పద్ధతి తీసివేత. మామూలుగా గేమ్ అంటే చేర్చుకుంటూ పోతారు. ఇంకో తుపాకీ, ఇంకో మ్యాపు, ఇంకో వంద మంది శత్రువులు. ఈయన ఉన్నవి తీసేస్తూ పోతాడు. 'ఇకో'లో కొమ్ములున్న పిల్లాడు ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని కోట దాటించాలి. ఒక బటన్ నొక్కి పట్టుకుంటేనే ఆ చెయ్యి అందుతుంది. వదిలితే ఆమె వెనకబడిపోతుంది. దాదాపు గేమంతా ఆ పట్టు మీదే నడుస్తుంది.

'షాడో ఆఫ్ ది కొలోసస్'లో ఇంకా తీసేశాడు. చనిపోయిన ఒక అమ్మాయిని బతికించుకోవాలని ఒక యువకుడు గుర్రమెక్కి ఎవరూ లేని దేశానికి వస్తాడు. అక్కడ పదహారు మహాకాయాలున్నాయి. వాటిని పడగొట్టాలి. అంతే. మధ్యలో చిల్లర శత్రువులు లేరు, షాపులు లేవు. మైళ్ల కొద్దీ ఖాళీ నేల, గాలి, గుర్రం డెక్కల చప్పుడు. ఒక్కో కొలోసస్ కొండంత ఉంటుంది. దాని ఒంటి మీది వెంట్రుకలు పట్టుకుని ఎక్కాలి. అది విదిలించుకుంటుంది. బటన్ వదిలితే పడిపోతాం.

ఆ పదహారూ అయ్యాక కూడా జనం ఆగలేదు. ఆ ఖాళీ నేలలో ఎక్కడో పదిహేడోది దాక్కుని ఉంటుందని ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు.

మాకు దాన్ని వెతికే పని లేకుండా పోయింది. స్కూల్ గ్రౌండ్‌లో నిలబడితే కనిపించేది.

గంటకు పదిహేను రూపాయలు

2008, 2009 నాటి మాట. గోదావరిఖని చౌరస్తా దగ్గరి ఒక సందులో రెండు టీవీలు, రెండు పీఎస్2లతో ఓ గేమ్ సెంటర్ ఉండేది. గంటకు పదిహేను రూపాయలు. నేను జ్యోతినగర్ క్వార్టర్ నుంచి ఆటోలో పోయేవాణ్ని. మావోడు ఖని నుంచి నడిచి వచ్చేవాడు. మా నాన్న పవర్ ప్లాంటులో ఆపరేషన్స్. వాళ్ల బాపు బొగ్గుబాయిల. ఆయన తవ్విన బొగ్గు మా నాన్న బాయిలర్‌లో కాలుతుందని, ఆ లెక్కన మేమిద్దరం చుట్టాలమవుతామని మావోడు తేల్చేశాడు.

వైస్ సిటీకి, రెజ్లింగ్‌కి క్యూ ఉండేది. కొలోసస్ డిస్కును మాత్రం ఎవరూ ముట్టేవాళ్లు కాదు. "అండ్ల ఫైటింగ్ లేదు, ఊకె గుర్రం ఉరుకుతది" అని ఓనరన్న పక్కన పడేశాడు. డిస్క్ ఒరిజినల్ కాదన్న సంగతి మాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. అప్పట్లో అది ఖాళీగా దొరికింది, మేం తీసుకున్నాం.

ఒకటే చిక్కు, మెమరీ కార్డు. సెంటర్‌కంతా ఒకటే ఉండేది. అది వైస్ సిటీ సేవ్‌లతో నిండిపోయి ఉండేది. అంటే మేం గంటలో ఎంత ఆడినా, టైమ్ అయిపోయి అన్న స్విచ్ ఆపగానే మొత్తం పోయినట్టే. మళ్లీ ఆదివారం వచ్చి మొదటి నుంచి మొదలు. మొదటి కొలోసస్‌ను ఎన్నిసార్లు పడగొట్టామో లెక్కలేదు. డబ్బులు కలిపి రెండు గంటలు ఆడిన రోజున నాలుగో దాని దాకా వెళ్లాం. అదే మా రికార్డు.

ఆ రోజు బయటకొచ్చి చౌరస్తాలో మిర్చీ బజ్జీలు తింటూ ఒప్పందం చేసుకున్నాం. ఎప్పటికైనా పదహారూ ఇద్దరం కలిసే పడగొట్టాలి. ఒక్కడు ఆడొద్దు.

ఇప్పుడా సందులోకి వెళ్లి చూశాను. సెంటర్ ఉన్న చోట మొబైల్ కవర్ల షాపు ఉంది. ఓ బ్యాక్ కవర్ కొనుక్కుని వచ్చాను. ఊరికే నిలబడితే బాగుండదు కదా.

ప్రహరీ లోపలి ఊరు

మీరు ఎన్టీపీసీ టౌన్‌షిప్ ఎప్పుడూ చూడకపోతే, ఊహించుకోండి. గోడ బయట రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీలు, దుమ్ము, టిఫిన్ బండ్లు, హారన్లు. గేటు దాటగానే వరసగా చెట్లు, ఒకేలాంటి క్వార్టర్లు, పార్కు, గుడి, స్కూలు. మేం పీటీఎస్ అనే పిలిచేవాళ్లం. పర్మనెంట్ టౌన్‌షిప్ అని దానర్థం. పేరులో పర్మనెంట్ ఉంది కానీ అక్కడ ఎవరూ పర్మనెంట్ కాదు. రిటైర్ అయిన రోజు నుంచి క్వార్టర్ ఖాళీ చేసే లెక్క మొదలవుతుంది. మా నాన్న 2017లో రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగిన ఇల్లు, మా అమ్మ కరివేపాకు మొక్క నాటిన ఇల్లు, ఇంకొకరి పేరు మీదకు మారింది.

తెలిసినవాళ్ల ద్వారా లోపలికెళ్లి ఆ లైన్లో నడిచాను. కరివేపాకు చెట్టు ఉంది, గోడ దాటి పెరిగింది. వరండా మెట్ల మీద ఓ పదేళ్ల పిల్లాడు కూర్చుని బీజీఎంఐ ఆడుతున్నాడు. వాడి వెనక ఆకాశంలో అదే చిమ్నీ. వాడు తలెత్తి చూడలేదు. ఆ వయసులో నేనూ చూసేవాణ్ని కాదేమో, కొలోసస్ ఆడకపోయి ఉంటే.

ఈ ఊరి పుట్టుకే ఒక పెద్ద ఎదురుచూపు. 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది 1983లో. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు.. ఏడు యూనిట్లు కలిసి 2600 మెగావాట్లు అయ్యేసరికి ఇంకో ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ పక్కనే కొత్తగా తెలంగాణ ప్రాజెక్టు, 800 మెగావాట్లవి రెండు. 2023 అక్టోబరులో ఒకటి, 2024 మార్చిలో రెండోది జాతికి అంకితమయ్యాయి.

సింగరేణి గనుల నుంచి బొగ్గు ఇక్కడికి రైల్లో వస్తుంది. ఆ రైలు లైనుకి మెర్రీ గో రౌండ్ అని పేరు. జాతరలో పిల్లలు తిరిగే రంగులరాట్నం పేరే. బండి ఆగకుండా మెల్లగా కదులుతూనే వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు కింద హాపర్లోకి రాలిపోతుంది. ఖాళీ బండి గుండ్రంగా తిరిగి మళ్లీ గనికి పోతుంది. ఇక బాయిల్లోనేమో ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు. చిన్నప్పుడు మావోడు "రేపు మా బాపుకు ప్లేడే" అంటే, వాళ్ల నాన్న ఆడుకోవడానికి వెళ్తున్నాడని ఈర్ష్య పడ్డాను. మా ఊళ్లో ఆట పేర్లన్నీ పని పేర్లే.

బాయిలర్‌ను తొందరపెట్టొద్దు

'ది లాస్ట్ గార్డియన్'ను సోనీ 2009 జూన్‌లో ప్రకటించింది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఇంటర్నెట్ సెంటర్లో ఆ వీడియో చూసి వచ్చి, 2011కల్లా వచ్చేస్తుందని మావోడికి చెప్పాను. 2011 వెళ్లిపోయింది. ఆ ఏడాదే ఉయెడా సోనీ ఉద్యోగం వదిలేశాడు, గేమ్ పని మాత్రం వదల్లేదు. పీఎస్3 కోసం మొదలైంది పీఎస్4కి మారింది. చివరికి 2016 డిసెంబరులో వచ్చింది. నేనప్పటికి బీటెక్ థర్డ్ ఇయర్.

ఏడేళ్లు ఎందుకు పట్టిందని జనం కోప్పడేవాళ్లు. నాకు మాత్రం మా నాన్న గుర్తొచ్చేవారు.

షట్‌డౌన్ తర్వాత యూనిట్‌ను మళ్లీ ఎత్తడం అంటే స్విచ్ వేయడం కాదు. చల్లబడిపోయిన బాయిలర్‌ను ముందు ఆయిల్‌తో మెల్లగా వేడి చేయాలి. ఆవిరి తయారవ్వాలి. టర్బైన్ మందపాటి ఇనుము. ఒక వైపు వేడెక్కి ఇంకో వైపు చల్లగా ఉంటే వ్యాకోచంలో తేడా వచ్చి, తిరిగే భాగాలు తిరగని భాగాలకు రాసుకుంటాయి. అందుకే కొంత వేగం దగ్గర ఆపి, ఇనుము అంతా సమంగా వేడెక్కేదాకా కాచుకుంటారు. తర్వాత నిమిషానికి 3000 చుట్లు. అప్పుడు గ్రిడ్ 50 హెర్ట్జ్‌తో తాళం కలవాలి. కలిసిన క్షణంలో బ్రేకర్ వేస్తారు. కోల్డ్ స్టార్ట్‌కి పది గంటలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. నాన్న అలాంటి రాత్రులు డ్యూటీ నుంచి ఇంటికి రాకపోతే అమ్మ ఫోన్ చేసేది. ఆయన ఒకటే మాట అనేవారు. "బాయిలర్‌ను తొందరపెట్టొద్దు."

మా ఆఫీసులో రెండు వారాలకో రిలీజ్. బగ్ ఉంటే తర్వాతి రిలీజ్‌లో చూద్దాంలే అంటాం. అది తప్పని అనను, యాప్‌కి అది చెల్లుతుంది. కానీ కొన్ని వస్తువులు సమంగా వేడెక్కకుండా తిరగవు.

అలాగని ఆలస్యమైనవన్నీ గొప్పవి అయిపోవు. 'ది లాస్ట్ గార్డియన్' వచ్చాక కెమెరా సరిగా తిరగదని, పీఎస్4లో అక్కడక్కడా తడబడుతుందని విమర్శలు వచ్చాయి. నేను ఆడినప్పుడూ అంతే అనిపించింది. అందులో ట్రికో అనే పెద్ద జంతువుంటుంది. మనం రమ్మంటే వెంటనే రాదు. పక్కకు చూస్తుంది, గోక్కుంటుంది. పది నిమిషాలు విసుక్కున్నాను. గంట తర్వాత అది తనంతట తాను వచ్చి తల దించినప్పుడు మాత్రం, రిమోట్ పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

బాపు అడిగిన ప్రశ్న

మావోడూ బీటెక్కే. నాకంటే మార్కులు ఎక్కువ. నేను 2018లో హైదరాబాద్ బస్సెక్కాను. వాడు ఎక్కలేదు. వాళ్ల బాపు ఊపిరితిత్తులు సరిగ్గా లేక మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు. కొత్తగూడెం బోర్డు, కాగితాలు, ఆర్డరు, ట్రైనింగ్. అదంతా వాడి ఎదురుచూపు. ఇప్పుడు వాడు జనరల్ అసిస్టెంట్. అండర్‌గ్రౌండ్ బాయి. క్యాప్ ల్యాంపు, నెత్తిన హెల్మెట్, నెలలో కొన్ని వారాలు నైట్ షిఫ్టు.

ఖనిలో వాళ్ల ఇంటికి వెళ్లేసరికి పెద్దమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఎన్నొద్దులకు యాదికొచ్చినం బిడ్డా! సన్నబడ్డవ్. మీ అమ్మ మంచిగున్నదా?"

సకినాలు ఇచ్చాను. "అయ్యో, మా ఇంట్ల లెవ్వా" అంటూనే ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "మీ అమ్మ చెయ్యే" అంది.

సాయంత్రం టీవీకి పీఎస్4 తగిలించాం. బాపు మంచం మీద దుప్పటి కప్పుకుని, వెనక దిండు ఆనించుకుని కూర్చున్నారు. గేమ్ మొదలయ్యేలోపే చెప్పేయాలనుకున్నాను. చెప్పేశాను.

"నేను ఇది పూర్తి చేసిన్రా. 2019ల. ఒక్కణ్నే."

మొదటి జీతాలు దాచి సెకండ్‌హ్యాండ్ పీఎస్4 కొన్నాను. 2018లో వచ్చిన రీమేక్ డిస్క్ కొన్నాను. కొండాపూర్ హాస్టల్ గదిలో పదహారింటినీ పడగొట్టాను. చివరి సీన్ అయ్యాక ఫోన్ తీసి వాడి నంబర్ దాకా వెళ్లి ఆగిపోయాను. వాడప్పుడు బాపును ఆస్పత్రుల చుట్టూ తిప్పుతున్నాడు. ఆ టైమ్‌లో గేమ్ పూర్తి చేశానని ఎలా చెప్పను? ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైంది. ఫోన్లు తగ్గాయి. నిజం చెప్పాలంటే, ఈ ప్రయాణం అందుకే.

వాడు కాసేపు కంట్రోలర్ వైపు చూశాడు.

"ఎన్ని దినాలల్ల చేసినవ్?"

"రెండు వారాలు."

"జర మెల్లగ ఆడకపోయినవ్" అన్నాడు. అంతే. తర్వాత అడిగాను, నువ్వు యూట్యూబ్‌లో ఎండింగ్ చూడలేదా అని. "సూడలె. సూస్తే అయిపోతది గదా" అన్నాడు. పదిహేనేళ్లుగా ఫోన్‌లో వేలి దూరంలో ఉన్న వీడియోను వాడు తెరవలేదు.

కంట్రోలర్ వాడి చేతికే ఇచ్చాను. కత్తిని ఎండకు ఎత్తాడు. వెలుగు గీతగా మారి దారి చూపించింది. గుర్రం ఉరికింది. మొదటి కొలోసస్ గద పట్టుకుని మైదానంలో అడుగులేస్తోంది. వాడు దాని కాలి వెంట్రుకలు పట్టుకున్నాడు, మోకాలి మీదుగా వీపుకెక్కాడు. అది ఊపింది. వాడి వేలు బటన్ మీద తెల్లబడింది. "పట్టు, పట్టు" అని నేను అరుస్తున్నాను. పన్నెండేళ్ల పిల్లల్లా ఉన్నాం. తల మీద వెలిగే గుర్తులో కత్తి దించాడు. నల్లటిదేదో చిమ్మింది. అంత పెద్దదీ మెల్లగా ఒరిగి, ముందుకు పడిపోయింది.

అక్కడ సంగీతం విజయంలా ఉండదు. ఎవరో పోయినట్టు ఉంటుంది. గదిలో ఎవరం మాట్లాడలేదు.

బాపు అడిగారు. "గదేం తప్పు చేసిందిరా?"

మావోడు తిరిగి చూశాడు.

"దానంతట అది నడుస్తున్నది గదా. మీరేందుకు మీదికెక్కి సంపుడు?"

విమర్శకులు పెద్ద పెద్ద వ్యాసాల్లో తేల్చిన సంగతి ఇది. ఉయెడా ఆ గేమ్ మొత్తంలో మనల్ని ఇబ్బంది పెట్టేదీ ఈ ప్రశ్నతోనే. కంట్రోలర్ ఎప్పుడూ ముట్టని మనిషి మొదటి ఇరవై నిమిషాల్లో అడిగేశాడు. మూడు దశాబ్దాలు భూమి లోపలికి దిగి, తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదాన్ని తవ్విన మనిషి కాబట్టి అడిగారేమో.

"ఒకలను బతికించనీకి, బాపూ" అన్నాడు మావోడు.

"ఆఁ.. గదైతే తప్పది" అన్నారాయన, దగ్గుతూ. కాసేపాగి మళ్లీ ఆయనే, "బి పవర్ హౌస్ బందయింది, ఎరికేనా?" అన్నారు.

రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి థర్మల్ కేంద్రం. యాభై ఏళ్లకు పైగా నడిచి 2024లో మూతపడింది. మా 2600 ముందు అదెంత? కానీ ఎన్టీపీసీ రాకముందు ఈ ప్రాంతానికి పెద్దవాడు అదే. బాపు చిన్నప్పుడు బస్సు దిగితే ముందు దాని పొగే కనిపించేదట. "గప్పుడు పొగ ఎక్కువని తిట్టినం. ఇప్పుడటు పోతే పొగ లేదు. మంచిగనే ఉన్నది. కని ఏందో తీర్గ ఉన్నది" అన్నారు.

నేనేమీ అనలేకపోయాను. బొగ్గు పొగ పోవాలి. అది నాకూ తెలుసు, దగ్గుతున్న ఆయనకు ఇంకా బాగా తెలుసు. అయినా అది అన్నం పెట్టింది. పడగొట్టక తప్పదు, పడిపోతుంటే చూడనూ లేం. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని నాకు తెలిసింది ఆ గేమ్ వల్లే.

రెండో కొలోసస్‌ను కూడా పడగొట్టి, సేవ్ చేశాం. ఆ సేవ్ పడిన శబ్దానికి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. మెమరీ కార్డు లేని రోజుల్లోంచి ఇక్కడికొచ్చాం మరి.

కట్ట మీద

మర్నాడు మావోడు బండి మీద రిజర్వాయర్ వైపు తీసుకెళ్లాడు. ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద ఇప్పుడు సోలార్ పలకలు తేలుతున్నాయి. వంద మెగావాట్లు, 500 ఎకరాల మేర. 2022 జులై ఒకటి నుంచి పూర్తిగా నడుస్తోంది. దూరం నుంచి చూస్తే నీళ్ల మీద నల్లటి దుప్పటి పరిచినట్టుంది. శబ్దం లేదు, పొగ లేదు, ఎత్తు లేదు. మా పిల్లలకు కొలోసస్ అంటే ఇదేనేమో, నిలబడనిది, పడుకుని ఉండేది. వెనక చిమ్నీలు మంచులో సగం దాకా కనిపిస్తున్నాయి.

ఫోన్‌లో మళ్లీ ఆ టీజర్ పెట్టుకుని చూశాం. ఈసారి మావోడు చూపించేదాకా నేను గమనించనిది ఒకటుంది.

"పాత దాంట్ల మీదికెక్కి పొడిసేది. ఇండ్ల ఎక్కితే అదే మోస్కపోతున్నది, సూడు."

నిజమే. ఇది కొద్ది సెకన్ల వీడియో. కథేంటో ఉయెడా చెప్పలేదు. ఆయన సంస్థ జెన్‌డిజైన్‌తో ఎపిక్ గేమ్స్ 2020లోనే ఒప్పందం చేసుకున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత టీజర్ బయటకు రావడానికే నాలుగేళ్లకు పైగా పట్టింది. గేమ్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మేం ఊహించుకున్నదంతా తప్పు కావచ్చు. కానీ కట్ట మీద కూర్చుని ఊహించుకోవడానికి డబ్బులు పడవు. మెమరీ కార్డు కూడా అక్కర్లేదు.

వాడికి ఆ రాత్రి నైట్ షిఫ్టు. బయల్దేరే ముందు పీఎస్4 వాడికే ఇచ్చేద్దామనుకున్నాను.

"పెట్టుకోరా. ఇంక పద్నాలుగు ఉన్నయ్. పూర్తి చెయ్యి."

వాడు వైర్లు చుట్టి మళ్లీ దుప్పటిలోనే పెట్టాడు. "ఇక్కడుంటే నేనూ ఒక్కన్నే ఆడుత. తీస్కపో. మళ్లొచ్చినప్పుడు తే. సేవ్ ఉన్నది గదా, యాడికి పోదు."

రామగుండం స్టేషన్‌లో దింపి, బండి స్టాండ్ వేయకుండానే అన్నాడు.

"కొత్త గేమ్ వచ్చినప్పుడొస్తది. నువ్వు మాత్రం దానికంటే ముందుగాల రా."

రైలు కదిలాక ఈసారి ఎడమవైపు కిటికీ చూసుకుని కూర్చున్నాను. పెద్దపల్లి దాకా ఫోన్ తీయలేదు.

వెళ్లాలనుకుంటే..

సికింద్రాబాద్ నుంచి కాజీపేట, పెద్దపల్లి మీదుగా వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ రామగుండంలో ఆగుతుంది. స్టేషన్ నుంచి ఎన్టీపీసీ, గోదావరిఖనికి షేర్ ఆటోలు ఉంటాయి. రోడ్డు మీదైతే హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి నేరుగా తీసుకొస్తుంది. పవర్ ప్లాంటు, గనుల లోపలికి అనుమతి లేకుండా వెళ్లలేరు. చిమ్నీలను చూడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీలు చేసుకుని గోదావరి ఒడ్డు, శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు, రామగిరి ఖిల్లా చూడండి. రైల్లో వస్తే సాయంత్రం బండి ఎక్కండి, కుడివైపు కూర్చోండి.